దస్తావేజులో నాలుగు హద్దులు సరే, పల్లం సంగతేంటి?

2024 సెప్టెంబరు వరద తీశాక విజయవాడ సింగ్ నగర్‌లో ఇళ్ల గోడల మీద మట్టిరంగు చార మిగిలింది. సున్నం కొడితే ఆ చార పోతుంది. ఆ పేటలు పల్లంలో ఉన్న సంగతి పోదు.

ఏం జరిగిందో అందరికీ తెలుసు. బుడమేరుకు గండ్లు పడ్డాయి. సరిగ్గా అప్పుడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేటి నీటిని తీసుకెళ్లే మళ్లింపు కాలువ కలవాల్సిన నదే అంత నిండుగా ఉంటే బుడమేరు ఎటు పోవాలి? ఈ పేటల మీదుగా కొల్లేటికి పోయే పాత దారే పట్టింది. నీరు పల్లమెరుగు అని పెద్దలు ఊరికే అనలేదు.

చర్చంతా గండ్ల దగ్గరే ఆగింది. నేను కొల్లేటి నుంచి మొదలుపెట్టాలంటాను. ఇటు కృష్ణ, అటు గోదావరి వేల ఏళ్లు ఒండ్రు పోసి డెల్టాలను మెరక చేసుకుంటూ పోతే నడుమ మిగిలిన పళ్లెం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదలడం దాని పని. ఆ ఏటికి వాలు బహు తక్కువ, సముద్రం పోటు మీద ఉంటే అదీ మందగిస్తుంది. అందుకే పళ్లెం ఖాళీగా ఉండాలి. మనం అందులో చేపల చెరువులకు గట్లు పోశాం. గట్టు లోపలంతా ముందే నిండి ఉంటే వరద నీటికి చోటేది? +5 కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని 1999లో జీవో 120 ఇచ్చారు. 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో గట్లు కొట్టేశారు. మళ్లీ లేచాయి.

కొల్లేటిలో జిరాయితీ (సొంత పట్టా) భూములున్న చిన్న రైతులున్నారు, చేపే బతుకైన కుటుంబాలున్నాయి. +5ను +3కు తగ్గించాలని 2008లో శాసనసభే తీర్మానించింది. వాళ్ల కష్టం నిజం, పరిహారం ప్రభుత్వం పడ్డ బాకీ. అయితే కాగితం మీద గీత దించినంత మాత్రాన నీటిమట్టం దిగదు.

నా అసలు కోపం ఆ కాగితం మీదే. మన రెవెన్యూ లెక్కల్లో శిస్తు కట్టే నేల మెట్ట, మాగాణి. ఏరు పారే నేల, చెరువు నిలిచే నేల పోరంబోకు, అంటే శిస్తు లెక్కకు బయటిది. శిస్తు రాదు కాబట్టి అడిగేవాడు లేడనుకున్నాం, ఆక్రమించాం, చివరికి లేఅవుట్లు వేశాం. ఇప్పుడు ఇంటిస్థలం దస్తావేజు తీసి చూడండి. తూర్పున ఫలానా వారి స్థలం, పడమర బజారు, ఉత్తరాన, దక్షిణాన ఇంకెవరో. గజాలు అంకెల్లోనూ, అక్షరాల్లోనూ. ఆ నేల సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో, కిందటి వరదకు అక్కడ ఎన్ని అడుగుల నీరు నిలిచిందో ఒక్క ముక్క ఉండదు.

ఉండాలి. నాలుగు హద్దుల కిందే ఐదో వరుసగా రాయాలి. ఇరవై ఏళ్లు కిస్తీలు కట్టబోయే మనిషి సబ్‌రిజిస్ట్రార్ ఎదుట సంతకం పెట్టకముందే ఆ అంకె అతని కంట పడాలి.