మా కాలనీ పార్కు కొత్త తాళంకప్పకు

హనుమకొండ,
ఆదివారం సాయంత్రం.

శ్రీయుత తాళంకప్ప గారికి నమస్కారాలు.

తమరు మా పార్కు గేటుకు వేలాడడం మొదలుపెట్టి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఇత్తడి రంగు, అరచేతి వెడల్పు, పక్కన ఏడు లివర్లని చెక్కి ఉంది. మా ఇంట్లో బంగారం పెట్టే బీరువాకు కూడా ఇంత తాళం లేదు. మీరు కాపలా కాస్తున్న ఆస్తి ఏమిటో మీకు ఎవరూ చెప్పి ఉండరు. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, రంగు వెలిసిన నాలుగు సిమెంటు బెంచీలు, ఓపెన్ జిమ్ అనే పేరుతో అయిదు ఇనుప యంత్రాలు, గడ్డి, మూడు కానుగలు, రెండు బాదం చెట్లు, గోడ పక్కన ఒక వేప. వేపను ఎవరూ నాటలేదు. ఇక్కడ పార్కు లేనప్పటి నుంచీ, ఈ జాగంతా గునుగు పూసే పడావు భూమిగా ఉన్నప్పటి నుంచీ అది అక్కడే ఉంది.

మీకు చెవి ఉందని తెలుసు. అది మీ దగ్గర ఉండదని కూడా తెలుసు. కాలనీ పెద్దల్లో ఒకాయన జేబులో ఉంటుంది. ఒళ్లు ఒకచోట, చెవి ఇంకోచోట ఉండే జీవి గురించి నేనెక్కడా చదవలేదు. ఇరవై రెండేళ్లుగా బడిలో జీవశాస్త్రం చెప్తున్నాను కాబట్టి ధైర్యంగానే అంటున్నాను. పైగా కప్ప అన్నాక వానాకాలంలో నోరు తెరవాలి. మీరు చినుకు పడితే ఇంకా గట్టిగా బిగుసుకుంటారు. "తడి గడ్డి మీద నడిస్తే ఖరాబైతది టీచరమ్మా" అన్నాడు వాచ్‌మన్ తాత. ఆయన్నేమీ అనను. ఆయన దగ్గరా చెవి లేదు.

మీ డ్యూటీ టైమింగులు బోర్డు మీద రాసి ఉన్నాయి. పార్కు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా తెరిచి ఉంటుంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా నేను వంటింట్లో ఉంటాను. తర్వాత బస్సు. బడి నుంచి ఇల్లు చేరేసరికి అయిదు ముప్పావు. కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి గేటు దగ్గరికి వస్తే మీరు అప్పుడే టక్కుమని నోరు మూసుకుంటారు. నాకు షుగర్ వచ్చి నాలుగేళ్లయింది. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల పెద్ద సర్వే 2023లో చెప్పింది కాబట్టి నాకు తోడేమీ తక్కువ లేదు. వారానికి 150 నిమిషాలు నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, మా డాక్టరమ్మ మాట కూడా అదే. నడుస్తున్నాను. రోడ్డు మీద నడుస్తున్నాను. ఇంటింటి ముందు రోడ్డు మీదికి జారిన ర్యాంపులు, ఇసుక కుప్పలు, ఎదురు వచ్చే బుల్లెట్ బండ్లు, మూలమలుపు కుక్కలు. కుక్కలు వెంటబడిన రోజు నా వేగం డాక్టరమ్మ చెప్పిన దానికంటే ఎక్కువే ఉంటుంది.

"భద్రకాళి బండ్ మీదికి పోరాదు, మంచిగుంటది" అని మీ చెవి గారే సలహా ఇచ్చారు. నిజమే, చెరువు గాలి, ఎదురుగా గుట్టలు, చాలా బాగుంటుంది. కానీ నడవడానికని ఆటోలో వెళ్లి, నడిచినందుకు ఆటోలో తిరిగి రావాలి. రోజూ అయ్యే పనేనా?

మొన్న ఒక లెక్క చదివాను. సెసిల్ కొనైనెన్‌డైక్ అనే అడవుల నిపుణుడు 2021లో నగరాల కోసం 3–30–300 అని ఒక కొలత పెట్టాడు. ప్రతి ఇంటి నుంచి కనీసం 3 చెట్లు కనిపించాలి, పేటలో 30 శాతం మేర చెట్ల నీడ పరుచుకుని ఉండాలి, ఇంటి నుంచి 300 మీటర్ల లోపు పార్కు ఉండాలి. నేను డాబా ఎక్కి చూసుకున్నాను. మూడు కాదు, ఆరు చెట్లు కనిపించాయి. అన్నీ మీ వెనకాలవే. 30 శాతం దగ్గర మాత్రం మేం ఫెయిల్. ఆకులు రాలి వాకిలి పాడవుతోందని చెట్టు కొట్టించి, ఆ జాగలో టైల్స్ వేయించి, ఆ టైల్స్ ఎండకు కాలుతున్నాయని మధ్యాహ్నం నీళ్లు చల్లించే కాలనీ మాది. ఇక 300 మీటర్లు. మా గేటు నుంచి మీ గేటుకు నా అడుగుల్లో నూట ఇరవై. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఆ పెద్దమనిషి దూరం కొలిచాడు గానీ తాళం సంగతి లెక్కలో వేసుకోలేదు. పాపం, మిమ్మల్ని చూసి ఉండడు.

అన్నట్టు, ఈ ప్లాటు కొన్నప్పుడు పార్కు ఫేసింగ్ అని గజానికి ఇంత అని ఎక్కువ తీసుకున్నారు. లేఅవుట్‌లో పది శాతం జాగ పార్కులకూ ఖాళీ స్థలానికీ వదలాలని రూలు ఉంది, ఆ జాగ ఖరీదు కూడా ప్లాట్ల ధరలోనే కలిసి ఉంటుంది. ఫేసింగ్ అంటే మొహం చూసుకోవడం వరకేనని ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

చూడడం కూడా వైద్యమేనని మీరు వాదించవచ్చు. ఆ వాదనకు ఆధారం కూడా ఉంది, దాచను. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన వాళ్ల రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పోల్చి చూసి 1984లో అచ్చు వేశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది, ఇటుక గోడ కనిపించిన 23 మంది. చెట్లు చూసిన వాళ్లు సగటున దాదాపు ఒకరోజు ముందే ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. సంతోషం. కానీ వాళ్లు మంచం దిగలేని స్థితిలో ఉన్నారు కప్ప గారూ. మేం దిగాం. దిగి, చెప్పులు వేసుకుని, గేటు దాకా వచ్చాం.

పోయినేడు తొమ్మిదో తరగతి పిల్లలకు బాష్పోత్సేకం పాఠం చెప్పేటప్పుడు మా కాలనీలో ఉండే నలుగురు పిల్లలకు ఇంటి పని ఇచ్చాను. చెట్టు కొమ్మకు ప్లాస్టిక్ సంచి కట్టి, కొన్ని గంటలయ్యాక లోపల ఎన్ని నీటి చుక్కలు చేరాయో చూసి రమ్మన్నాను. ఆకు అడుగున పత్రరంధ్రాల్లోంచి నీరు ఆవిరై వెళ్లేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని తీసుకుంటుంది, అందుకే చెట్టు కింది చల్లదనం రేకు కింద దొరకదు. సెలవు రోజు మధ్యాహ్నం పోతే మీకంటే ముందు వేలాడిన పాత తాళం ఆయన బిగుసుకుని ఉన్నాడు. పిల్లలు గేటు చువ్వల్లోంచి చేతులు దూర్చి బాదం కొమ్మకు సంచి కట్టారు. ప్రయోగం పాసైంది. రెండో రోజు ఆ సంచి మీద "చెత్త వేయరాదు" అని ఒక ఫిర్యాదు కాలనీ గ్రూపులో వచ్చింది.

ఇప్పుడు మీ ముందు ఉన్నాయన గురించి. మీకు తెలియాల్సిన కథ ఇదే. శ్రావణం వానలకు ఆయన తుప్పు పట్టాడు. ఒకరోజు పొద్దున చెవి లోపలే విరిగింది. తాత రాయి పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే గేటు తెరుచుకుంది. కొత్త తాళం ఎవరి డబ్బుతో కొనాలన్న చర్చ తేలడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులు పార్కుకు తాళం లేదు.

మొదటిరోజు ఎవరూ లోపలికి రాలేదు. గేటు తోసి చూసి, "పోవచ్చానమ్మా?" అని నన్నే అడిగారు. రెండో రోజు పిల్లలు దూరారు. మూడో రోజు మధ్యాహ్నం, వానలు ఆగి ఎండ మాడుస్తోంది, మా వీధి ఊడ్చే అక్కలు నలుగురు వేప కింద టిఫిన్ డబ్బాలు విప్పుకున్నారు. ఇన్నేళ్లుగా వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ పక్క సందులో కూర్చుని తింటున్నారని ఆరోజే తెలిసింది నాకు. తెల్లారకముందే పని మొదలుపెట్టే వాళ్లకు నీడ కావాల్సింది పదకొండు గంటలకు, ఒంటి గంటకు. మీ టైమింగులు చూడండి, ఏసీ గదుల్లో ఉండే వాళ్లు బయటికి వచ్చే వేళల్లోనే తెరిచి ఉంటాయి. ఇంగ్లండులో రిచర్డ్ మిచెల్, ఫ్రాంక్ పోఫమ్ అనే ఇద్దరు 2008లో చూపించింది కూడా ఈ సంగతే: పచ్చదనం ఎక్కువ ఉన్న చోట డబ్బున్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య చావుల తేడా తక్కువగా ఉంది.

ఇంకా ఎవరెవరో వచ్చారు. పక్కన ఇల్లు కడుతున్న మేస్త్రీ బాదం కింద గంట నిద్రపోయాడు. తిండి పార్సిళ్లు మోసే ఇద్దరు పోరగాళ్లు బెంచీ మీద ఫోన్ చూసుకున్నారు. మూడో వీధిలో భార్య పోయిన పెద్దాయన ఒకరు, ఎప్పుడూ కల్వర్టు గట్టు మీద ఒక్కడే కూర్చునేవాడు, బెంచీకి మారాడు. ఆరో రోజుకు ఆయన పక్కన ఇంకో ఇద్దరు కూర్చున్నారు. ఎనిమిదో రోజుకు పేకాట మొదలైంది. పైసల్లేని పేకాట, నేను చూశాను.

నష్టం జరగలేదని చెప్పను. ఉయ్యాల గొలుసు ఒకటి తెగింది. బంతిపూల మడి తొక్కుడుకు పోయింది. ఒక తెల్లారి రెండు బీరు సీసాలు దొరికాయి. మీటింగులో ఆ సీసాలు బల్ల మీద పెట్టారు, సాక్ష్యంగా. అవి తాళం ఉన్నప్పుడూ దొరికేవని తాత అంటే ఎవరూ వినలేదు. గోడ దూకే వాళ్లకు మీతో పనేముంది? మీరు ఆపగలిగేది మోకాళ్ల నొప్పులున్న వాళ్లనే.

ఫిలడెల్ఫియా అనే ఊళ్లో చెత్త పేరుకున్న ఖాళీ ప్లాట్లు 541 తీసుకుని, చీటీ తీసినట్టు పంచి, కొన్నింట్లో చెత్త తీసి గడ్డి వేసి నాలుగు చెట్లు నాటారు, కొన్నింటిని ఊరికే శుభ్రం చేశారు, కొన్నింటిని అలాగే వదిలేశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. గడ్డి, చెట్లు వేసిన ప్లాట్ల దగ్గర ఉండే వాళ్లలో దిగులుగా ఉందని చెప్పేవాళ్లు, అలాగే వదిలేసిన చోట్లతో పోలిస్తే, 41.5 శాతం తగ్గారు. పేద బస్తీల్లో ఇంకా ఎక్కువ తగ్గారు. నాకు నచ్చింది శాతాలు కాదు. వాళ్లు కట్టిన కంచె. పొట్టి చెక్క కంచె, మధ్యలో మనిషి వెళ్లడానికి సందులు. చెత్త బండి రాకూడదు, మనిషి రావాలి. అలాంటి కంచెకు మిమ్మల్ని ఎక్కడ తగిలిస్తారో ఎంత ఆలోచించినా తోచలేదు.

ఆ పదకొండు రోజుల్లో తొమ్మిది రోజులు నడిచాను. షుగర్ తగ్గిపోయిందని అబద్ధం చెప్పను, మూడు నెలల సగటు చూపించే పరీక్ష తొమ్మిది నడకలకు కదలదు. నిద్ర మాత్రం పట్టింది. పన్నెండో రోజు పొద్దున మీరు మెరుస్తూ కనిపించారు. అక్కలు మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ సందులోకి వెళ్లారు.

ఇంకో రెండు వారాల్లో ఎంగిలిపూల బతుకమ్మ. ఆ తొమ్మిది రాత్రులూ మిమ్మల్ని విప్పి పక్కన పెడతారు, ఆనవాయితీ. వందల మంది ఆడవాళ్లం ఆ గడ్డి మీదే తిరుగుతూ చప్పట్లు కొడతాం. దసరా అయ్యాక చూస్తే గడ్డి బతికే ఉంటుంది, ఏటా చూస్తున్నాను. ఒకప్పుడు ఇదే జాగలో కోసుకున్న గునుగును ఇప్పుడు చౌరస్తాలో కొని తెచ్చి, ఇదే జాగలో ఆడతాం. దీని మీద ఇంకో లేఖ రాయాలి, ఎవరికి రాయాలో తేలలేదు.

ఇవాళ పొద్దున్నుంచీ గేటు తెరవలేదు. చెవి గారు మనవరాలి పుట్టినరోజుకు కరీంనగర్ వెళ్లారు, జేబుతో సహా. రేపటికి గానీ రారు. మీ చెవి ఊళ్లో లేదు కాబట్టే ఒక రహస్యం చెప్తున్నాను. వేప వెనకాల గోడలో రెండు ఇటుకలు ఊడి ఉన్నాయి. వేరు తోసింది. పిల్లలు అటునుంచే పోతున్నారు. నిన్న చీకటిపడ్డాక మూడో ఇటుక కూడా వచ్చేసింది. అది వేరు పని కాదు. నా కొలతకు ఇంకో రెండు చాలు.

ఇట్లు,
పార్కు ఫేసింగ్ ప్లాటు యజమానురాలు