చెమ్మ సంరక్షణ: గృహస్థుల విధులు

విశాఖ నుంచి మచిలీపట్నం దాకా సముద్రపు గాలి తగిలే ఇళ్లవాళ్లు ఏటా దసరాకి తప్పకుండా ఒక పుణ్యకార్యం చేస్తున్నారు. తడి గోడకి రంగు వేయిస్తున్నారు. నైరుతి వానలు నాలుగు నెలలు తాగిన గోడ మీద, ఈశాన్య వానలు మొదలయ్యే ముందు, సరిగ్గా ముహూర్తం చూసి మరీ. గోడ బాగా ఆరేది మార్చికీ మే నెలకీ మధ్యన కదా అని గొణిగేవాళ్లకి పండగ విలువ తెలియదు.

ఈ కార్యంలో చెమ్మకు జరిగే మేలు ఇంతా అంతా కాదు. రెండు కోటింగుల పుట్టీ, దాని మీద ప్లాస్టిక్ పెయింటు పడేసరికి గోడలోని నీరు ఆవిరై పోయే దారి మూసుకుపోతుంది. సంక్రాంతికల్లా ఇటుకలోని ఉప్పు పైకి తేలి, రంగు అప్పడంలా పొంగుతుంది. చీపురు తగిలితే చాలు, పెచ్చు ఊడుతుంది. గీకి మళ్లీ పుట్టీ పెట్టిస్తాం. ఇంతమందికి ఇంత నికరంగా పని చూపించే ఉపాధి పథకం ఏ ప్రభుత్వం దగ్గరా లేదు.

అయితే చెమ్మ మీద కుట్ర పన్నేవాళ్లూ ఉన్నారు. వాళ్లు అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్క తెచ్చి, నాలుగు అంచులా టేపు వేసి గోడకి బిగించి, ఒక రోజు వదిలేస్తారు. షీటుకి గోడ వైపు బొట్లు కడితే నీరు గోడలోంచే వస్తోందని, గది వైపు కడితే గాలిలోని తేమే చల్లటి గోడకి పడుతోందని తీర్పు చెప్పేస్తారు. మొదటిదైతే బాత్రూం పైపో, టెర్రసో, పునాదో వెతకమంటారు. పెయింటర్ని అడక్కుండా రోగం పేరు చెప్పేయడం పద్ధతేనా?

గాలి తేమని పోషించే విద్య కూడా మనవాళ్లకి బాగా పట్టుబడింది. పడగ్గదిలో ఏసీ రాత్రంతా పద్దెనిమిదిలో. పక్క గదికీ దానికీ మధ్య నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడ. అవతలి గదిలో ఆ గోడకే ఆనించి బీరువా. గాలి 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పుడు 26 డిగ్రీలకు చల్లబడిన ఏ గోడకైనా నీరు పడుతుంది. బీరువా చాటున గాలి ఆడదు కాబట్టి గోడ ఆ మాత్రం చల్లబడుతుంది, బూజు పడుతుంది, పట్టుచీరలకి వాసన ఎక్కుతుంది. బీరువాను నాలుగు అంగుళాలు ముందుకి జరిపి, ఏసీని ఇరవై ఆరులో పెడితే ఈ వ్యవస్థంతా కూలిపోతుంది. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి.

టెర్రస్ మీద వాలు 100కి 1 ఉండాలట, అంటే పది అడుగులకి అంగుళంపావు. మేస్త్రీ కంటి అంచనాతో పోసిన వాలు నీటిని గొట్టం దగ్గరికి కాక పిట్టగోడ మూలకి తోలుతుంది. సన్‌షేడ్ అడుగున అంచు వెంబడి వేలు పట్టే గాడి ఒకటి తీస్తే వాన నీరు అక్కడే తెగి కింద పడుతుంది. గాడి లేకపోతే అడుగు భాగాన్ని కరుచుకుని కిటికీ దాకా పాకి వస్తుంది. అంతదూరం నుంచి వచ్చిన అతిథిని గుమ్మంలోనే ఆపుతామా?

ఇక ఇనుము. కాంక్రీటు కట్టడాలకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456:2000 తీరప్రాంతపు కాంక్రీటుని ‘సివియర్’ (తీవ్రమైన వాతావరణం) వర్గంలో పెట్టి, రాడ్డు మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే రాడ్డుని కప్పే కాంక్రీటు మందం, ఉండాలంటుంది. మనవాళ్లు ఆ ఎడం కోసం రాడ్డు కింద పెట్టే కవర్ బ్లాకులకి బదులు చేతికందిన కంకర రాయి దోపుతారు, కాంక్రీటు పోసేటప్పుడు కాలు తగిలి అదీ జారిపోతుంది. ఉప్పు గాలికి రాడ్డు తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు అడుగుతుంది, బాల్కనీ అడుగున రాడ్డు వెంబడే పగులు తీస్తుంది. పెచ్చు ఊడిపడ్డాక తుప్పు మీదే సిమెంటు మెత్తి నున్నగా రుద్దడం మన సంప్రదాయం. రాడ్డు వెనక్కి కూడా చెక్కి, మెరిసేదాకా వైరు బ్రష్షుతో తోమి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టారుతో (పాలిమర్ కలిపిన సిమెంటు ముద్దతో) నింపడం, రాడ్డు బాగా సన్నబడితే ఇంజినీరుకి చూపించడం దండగ ఖర్చు. ఇవన్నీ చేస్తే మళ్లీ ఊడదు, అదే దాంతో వచ్చిన చిక్కు.

చెక్క తలుపులకీ ఇందులో సముచిత స్థానం ఉంది. ఆగస్టులో తలుపు అడ్డంగా ఉబ్బి గడియ వైపు పట్టేస్తుంది. కారణం కావాలంటే స్టూలెక్కి తలుపు పై అంచు తడిమి చూడండి: రంగు లేదు, వార్నిష్ లేదు, పచ్చి కర్ర. కింద అంచూ అంతే. చెక్క తేమను అన్నిటికన్నా జోరుగా పీల్చేది కోసిన ఆ కొసల్లోంచే. ఎండాకాలంలో తలుపు విప్పి రెండు అంచులకీ రెండు కోటింగులు వేస్తే ఉబ్బు చాలావరకు తగ్గుతుంది. మనం మాత్రం వానల్లో వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తాం. మేలో చెక్క ఆరి ముడుచుకుంటే తాళం నాలుక ద్వారబంధానికి అందదు. అప్పుడతనే వచ్చి అంచుకి చెక్క పట్టీ కొడతాడు. ఆగస్టులో ఆ పట్టీకి చిత్రిక పడతాడు.