గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీలు సాగదీత కాదు

అమెరికా రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ పేరెత్తితే చాలు, ఒక వాదన తయారుగా ఉంటుంది. నాలుగు నిమిషాల పాటను ఇరవై నిమిషాలు లాగుతారట. మూడు గంటల కచేరీలో అసలు సరుకు గంట కూడా ఉండదట. మిగతాదంతా దారి తెలియక గిటారు తీగల మీద తడుముకోవడమేనట. మత్తులో ఉన్నవాళ్లకు తప్ప అది ఎవరికీ రుచించదట. అమెరికా విమర్శకులు దశాబ్దాల పాటు రాసిన ఈ మాటలనే ఇప్పటికీ చాలామంది విని చూడకుండానే పంచుకుంటున్నారు. ఆ బృందం రికార్డింగులను ఇరవై ఏళ్లుగా వింటున్నాను కాబట్టి ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పాలనిపించింది.

ముందు ‘సాగదీత’ సంగతి. ‘డార్క్ స్టార్’ అనే పాటను వాళ్లు 1968లో చిన్న రికార్డుగా విడుదల చేశారు. దాని నిడివి మూడు నిమిషాలు కూడా లేదు. 1969లో వచ్చిన ‘లైవ్/డెడ్’ ఆల్బమ్‌లో అదే పాట ఇరవై మూడు నిమిషాలు. విమర్శకుడి లెక్క ప్రకారం ఇరవై నిమిషాలు వృథా. అదే లెక్కను మన కర్ణాటక సంగీత కచేరీకి వర్తింపజేసి చూడండి. ఒక త్యాగరాజ కృతిని పల్లవి, అనుపల్లవి, చరణం వరకే పాడితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. రాగాలాపన, నెరవల్, స్వరకల్పన చేరితే ముప్పావు గంట పడుతుంది. ఆ అదనపు సమయాన్ని సాగదీత అనడానికి మనలో ఎవరికైనా నోరు వస్తుందా? ఆ సాయంత్రం మనం టిక్కెట్టు కొన్నదే దాని కోసం. డెడ్ కచేరీకి వెళ్లినవాళ్లూ అందుకే వెళ్లారు. వాళ్లకు రాసుకున్న పాట ఒక ఆరంభం మాత్రమే. ఆ రాత్రి అది ఎటు నడుస్తుందో వేదిక మీద ఉన్నవాళ్లకే ముందుగా తెలియదు.

చిన్న పాట రాయడం చేతకాక పెద్దవి వాయించారనేది కూడా నిజం కాదు. 1970లో ఒకే ఏడాదిలో వాళ్లు రెండు ఆల్బమ్‌లు తెచ్చారు. ‘వర్కింగ్‌మ్యాన్స్ డెడ్’, ‘అమెరికన్ బ్యూటీ’ రెండింటిలోనూ ఉన్నవి చాలావరకు పొందికైన, పొట్టి పాటలే. కచేరీలోనూ విరామానికి ముందు భాగమంతా ఎక్కువగా అలాంటి పాటలతోనే గడిచేది. విస్తారంగా వాయించేది రెండో భాగంలో. ఇరవై నిమిషాల పాటల గురించి రాసేవాళ్లు మొదటి భాగాన్ని ఎందుకు దాటవేస్తారో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక ‘తడుముకోవడం’. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాట ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాలులో జరిగిన కచేరీని తీసుకోండి. ‘స్కార్లెట్ బెగోనియాస్’ పాటలో మాటలు అయిపోతాయి, వాయిద్యాలు సాగుతూనే ఉంటాయి. కాసేపటికి అడుగున ఫిల్ లెష్ బాస్ గిటారు నడక మారుతుంది. పైన గిటారిస్టు జెర్రీ గార్సియా ఇంకా పాత పాట అంచునే పట్టుకుని ఉంటాడు. డ్రమ్స్ రెండింటికీ మధ్య వంతెనలా నిలబడతాయి. ఏ క్షణంలో మొదటి పాట ముగిసిందో, ఎక్కడ ‘ఫైర్ ఆన్ ద మౌంటెన్’ మొదలైందో నేను ఇన్నేళ్లలో గీత గీసి చెప్పలేకపోయాను. ఆ రెండో పాటలో ఉన్నవి ప్రధానంగా రెండే కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు. ఆ రెండింటి మీదే గార్సియా మెల్లగా మెట్లెక్కుతూ పోతాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మిగతావాళ్లకు చోటు ఇవ్వాలో తెలిసిన చేతులవి. దారి తెలియనివాడు అలా నడవలేడు. ఈ రికార్డింగును అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011 సంవత్సరానికి తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చుకుంది.

ఆ చేతులు ఎవరివో కూడా తెలియాలి. గార్సియా బాంజో మీద ప్రాణం పెట్టి, పల్లె పాటల సంప్రదాయంలో ఎదిగినవాడు. చిన్నప్పుడు కట్టెలు కొట్టే చోట గొడ్డలి దెబ్బకు కుడిచేతి మధ్యవేలు చాలావరకు పోయింది. లెష్ ట్రంపెట్ నేర్చుకుని, ఇటలీ స్వరకర్త లుచియానో బేరియో దగ్గర చదువుకున్నాడు. బృందంలో చేరేదాకా బాస్ గిటారు వాయించి ఎరుగడు. అందుకే అతని బాస్ మిగతావాళ్ల కింద ఒదిగి ఉండదు, పక్కన నిలబడి మాట్లాడుతుంది. మన కచేరీలో గాయకుడు నడిపిస్తే పక్కవాద్యాలు అనుసరిస్తాయి. ఇక్కడ స్థిరమైన నాయకుడు లేడు. ఐదారుగురు ఒకరినొకరు వింటూ అక్కడికక్కడే అల్లుతారు. దానికి సమయం పడుతుంది, తొందరపెడితే జరగదు.

రెండో భాగంలో మిగతావాళ్లు తప్పుకుని డ్రమ్స్ మాత్రమే సాగే ఘట్టం మీద మరీ పెద్ద ఫిర్యాదు. మనకిది కొత్త కాదు. తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం మొదలుకాగానే కాఫీకి లేచేవాళ్లు మన సభల్లోనూ ఉన్నారు. వాళ్లు లేచినంత మాత్రాన మృదంగం చిన్నబోలేదు. పైగా డెడ్ లయకు మన దేశంతో నిజమైన చుట్టరికం ఉంది. డ్రమ్మర్ మికీ హార్ట్ తబలా విద్వాంసుడు అల్లా రఖా దగ్గర నేర్చుకున్నాడు. ఆయన కుమారుడు జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో డిగా రిథమ్ బ్యాండ్ ఆల్బమ్ చేశాడు. 1991 నాటి హార్ట్ ఆల్బమ్ ‘ప్లానెట్ డ్రమ్’లో జాకిర్‌తో పాటు మన కచేరీ శ్రోతలకు బాగా తెలిసిన ఘటం విద్వాంసుడు విక్కు వినాయక్‌రామ్ కూడా ఉన్నారు. ప్రపంచ సంగీతం విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ పురస్కారం దానికే దక్కింది.

మా పెదనాన్న మృదంగం నేర్చుకున్నవారు. రాక్ సంగీతం అంటే గోల అనేవారు. ఒకసారి ఆయనకు ‘లైవ్/డెడ్’లోని ‘ది ఎలెవెన్’ వినిపించాను. మొదట మొహం చిట్లించారు. కొంతసేపటికి కుడిచేయి తొడ మీదికి వెళ్లింది. మూడు, మూడు, మూడు, రెండు అని వేళ్లతో లెక్కవేస్తూ, “ఇది పదకొండు కదరా, ఎవరు వీళ్లు?” అన్నారు. పాట పూర్తయ్యేదాకా చేయి ఆగలేదు.

రోజూ అదే గోల అనే మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. 1965 నుంచి 1995 దాకా వాళ్లు దాదాపు 2,300 కచేరీలు చేశారు. పాటల వరుస ఏ రాత్రికి ఆ రాత్రే మారేది. అందుకే అభిమానులు ఊరి వెంట ఊరు తిరిగారు, టేపుల మీద రికార్డు చేసుకున్నారు. బృందం వాళ్లను తరిమేయలేదు. 1984 నుంచి మైకులు పెట్టుకోవడానికి విడిగా చోటే కేటాయించింది. అమ్ముకోకూడదు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అంతే షరతు. నిన్నటిలాగే ఈ రోజూ ఉంటుందనుకుంటే ఎవరూ రెండో టేపు నింపరు.

చెడ్డ రాత్రులు లేవని నేను అనను. 1969 వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో తడిసిన వేదిక మీద షాకులు కొడుతుంటే వాళ్లు వాయించింది బాగాలేదని వాళ్లే ఒప్పుకున్నారు. 1986లో మధుమేహం ముదిరి కోమాలోకి వెళ్లి లేచిన గార్సియా గిటారును మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. 1995 నాటి ఆఖరి కచేరీల్లో అతను మాటలు మరచిపోవడం వింటే గుండె బరువెక్కుతుంది. ఈ లోపాలను విమర్శకుల కంటే ముందు, వాళ్లకంటే కఠినంగా లెక్కగట్టింది అభిమానులే. ఏ సంవత్సరం బాగుంది, ఏ రాత్రి చెడింది అని వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. అక్కడికక్కడే అల్లే సంగీతంలో తప్పిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మన గొప్ప విద్వాంసులకూ రాగం కుదరని సాయంత్రాలు ఉన్నాయి. అంతమాత్రాన ఆలాపనే వద్దని ఎవరమూ అనలేదు.

చివరిది మత్తు. ఈ బృందం పుట్టుకలోనే ఎల్‌ఎస్‌డి అనే మత్తుమందు ఉంది, 1960ల మధ్యలో నవలా రచయిత కెన్ కేసీ జరిపిన ఆసిడ్ టెస్టులు అనే ఎల్‌ఎస్‌డి విందుల్లో వాళ్లు వాయించారు. హెరాయిన్ గార్సియాను ఎంత నష్టపరిచిందో అందరికీ తెలుసు. దాన్ని దాచవలసిన పని లేదు. కానీ మత్తు లేకపోతే ఈ సంగీతం నిలవదనేది వేరే మాట, అది అబద్ధం. 1980ల నుంచి వార్ఫ్ ర్యాట్స్ అనే అభిమానుల బృందం ఉంది. తాగుడు, మాదకద్రవ్యాలు మానేసినవాళ్లు, కచేరీలను మాత్రం మానుకోలేనివాళ్లు. విరామ సమయంలో పసుపు బెలూన్లు కట్టిన బల్ల దగ్గర కలుసుకునేవారు. ఆ పూట నిలబడడానికి ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు. విరామం అయిపోగానే రెండో భాగానికి, ఆ పొడవైన పాటలకూ ఆ డ్రమ్స్‌కూ, పూర్తి స్పృహతో లోపలికి వెళ్లి కూర్చునేవారు.