సవరణ: కొబ్బరిపొట్టు పురుగులు కావు, కీచురాళ్ల పిల్లలు
మహబూబ్‌నగర్‌లోని మా ఇంట్లో బియర్డెడ్ డ్రాగన్ అనే ఆస్ట్రేలియా బల్లి ఉండే గాజుపెట్టెలో చీమలంత పురుగులు కనిపించాయనీ, అవి పెట్టె అడుగున పరవడానికి దుకాణంలో కొన్న కొబ్బరిపొట్టుతోనే వచ్చాయనీ గతవారం రాశాను. అది పొరపాటు; దుకాణదారుణ్ణి అనవసరంగా నిందించాను. భూతద్దంతో చూస్తే వాటికి పొడవాటి మీసాలు, గెంతే వెనుక కాళ్లు ఉన్నాయి, రెక్కలు మాత్రం లేవు: నేను ఆహారంగా వేసిన కీచురాళ్ల సంతానమే అవి. ఆడ కీచురాయి తన వెనుకవైపున ఉండే సూదిలాంటి గొట్టాన్ని తడి పొట్టులోకి దించి గుడ్లు పెడుతుంది. పెట్టె అంతా పొడిగానే ఉన్నా, నీళ్లగిన్నె ఒలికి ఒక మూల తడిసి ఉండటం, దానికి తోడు బల్లి వెచ్చదనం కోసం పెట్టిన విద్యుత్ దీపం వేడి అందటం వాటికి సరిపోయింది. 30 డిగ్రీల దగ్గర సుమారు రెండు వారాల్లో పిల్లలు బయటికి వస్తాయి (మా ఊరి వేసవిలో దీపమైనా అక్కరలేదు). గుడ్లు లోపల ఉంటాయి కనుక, పైపొర మారిస్తే చాలన్న నా సలహానూ ఉపసంహరించుకుంటున్నాను. పొట్టు మొత్తం తీసి పారేయాలి. పురుగుమందు కొట్టవద్దన్న మాటలో మార్పు లేదు. ఆ పిల్లలను బల్లి తిన్నా ప్రమాదం లేదు గానీ, మిగిలిపోయిన పెద్ద కీచురాళ్లు రాత్రి నిద్రలో ఉన్న దాన్ని కొరుకుతాయి కాబట్టి, ఇప్పుడు వాటిని సాయంత్రానికల్లా ఏరివేస్తున్నాను.