రాత్రి తారు పనికి అదనపు వేతనం: ఆ భారం ఎవరిది?

ఆస్ట్రేలియా నగరాల్లో రద్దీ రహదారులకు కొత్తగా తారు వేసే పని చాలావరకు రాత్రిపూటే జరుగుతుంది. పగలు ఒక్క లేన్ మూసినా వాహనాలు కిలోమీటర్ల పొడవునా నిలిచిపోతాయి కాబట్టి, మూసివేతకు అనుమతి ఇచ్చే ప్రభుత్వ విభాగమే రాత్రి వేళలను నిర్ణయిస్తుంది. న్యూ సౌత్ వేల్స్‌లో ఏ లేన్‌ను ఏ గంట నుంచి ఏ గంట వరకు మూయవచ్చో రోడ్ ఆక్యుపెన్సీ లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. తారును రోడ్డుపై పరిచే పేవర్ యంత్రాన్ని నడిపే మనిషి, వేడి తారును రేక్‌తో సర్దే మనిషి, రోలర్ డ్రైవర్ ఏ వేళ పనిలో ఉండాలన్నది వారి చేతుల్లో ఉండదు. చాలా సందర్భాల్లో వారికి జీతమిచ్చే కాంట్రాక్టర్ చేతుల్లో కూడా ఉండదు. షిఫ్ట్ పెనాల్టీల పేరుతో ఇచ్చే అదనపు వేతనంపై సాగే చర్చలో ఈ ఒక్క వాస్తవానికి దక్కవలసినంత చోటు దక్కడం లేదు.

తారు మిశ్రమాన్ని తయారుచేసి రోడ్డుపై పరిచే పనికి ఆ దేశంలో ప్రత్యేకంగా ఒక అవార్డు ఉంది. అవార్డు అంటే ఒక రంగంలో కనీస వేతనం, పనిగంటలు, ఓవర్‌టైమ్, షిఫ్ట్ చెల్లింపుల వంటివాటిని నిర్దేశించే చట్టబద్ధమైన పత్రం. 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టం కింద ఈ ఆధునిక అవార్డులు 2010 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. తారు పరిశ్రమకు ఇప్పుడు వర్తించేది 2020 నాటి ఆస్ఫాల్ట్ ఇండస్ట్రీ అవార్డు. వీటిలోని కనీస రేట్లను జాతీయ కార్మిక ట్రిబ్యునల్ అయిన ఫెయిర్ వర్క్ కమిషన్ ఏటా సమీక్షిస్తుంది. 2024లో 3.75 శాతం, 2025లో 3.5 శాతం పెంచింది. రాత్రి పనికి ఇచ్చే అదనం మూల వేతనంపై శాతంగా లెక్కకడతారు కనుక, మూల వేతనం పెరిగితే అదీ పెరుగుతుంది.

ఈ అదనపు చెల్లింపు వెనుక మొదటి నుంచీ రెండు ఉద్దేశాలున్నాయి. కుటుంబమూ సమాజమూ విశ్రమించే వేళ పనిచేసిన మనిషికి పరిహారం ఇవ్వడం ఒకటి, అలాంటి వేళల్లో అవసరం లేకుండా పని చేయించకుండా యజమానిని వెనక్కి లాగడం రెండోది. 1909లో బ్రోకెన్ హిల్ గని కార్మికుల కేసును విచారించిన న్యాయమూర్తి హిగ్గిన్స్ కాలం నుంచి ఈ రెండూ కలిసే నడిచాయి. 2017లో కమిషన్ రిటైల్, ఆతిథ్య రంగాల్లో ఆదివారపు పెనాల్టీ రేట్లను తగ్గిస్తూ, యజమానిని నిరుత్సాహపరచడం ఇక ప్రమాణం కాదని, పరిహారమే ప్రమాణమని తేల్చింది. దుకాణాలు, హోటళ్ల విషయంలో ఆ మాట ఎంతవరకు సబబన్నది వేరే చర్చ. తారు పనికి మాత్రం అది సరిపోదని నా అభిప్రాయం. ఇక్కడ రాత్రి పని కొనుగోలుదారు కోరికను బట్టి పుట్టుకొచ్చింది కాదు. ఒక ప్రభుత్వ విభాగం, వాహనదారుల సమయం విలువైనదని లెక్కవేసి, తెలిసి తీసుకున్న నిర్ణయం అది. నిర్ణయం తీసుకున్న చోట దాని ఖర్చు కనిపించకపోతే, పగలు చేయదగిన పని కూడా అలవాటుగా రాత్రికే వెళ్లిపోతుంది.

ఆ ఖర్చు కేవలం నిద్ర చెడడం కాదు. తారు మిశ్రమం సుమారు 150 డిగ్రీల వేడితో వస్తుంది, అది చల్లారేలోపే పరిచి రోలర్‌తో గట్టిపరచాలి. రాత్రి చలిలో, ముఖ్యంగా పలచని పొరల్లో, ఆ వ్యవధి ఇంకా కుదించుకుపోతుంది. అందువల్ల పని మధ్యలో ఆగి ఊపిరి తీసుకునే వీలుండదు, పక్క లేన్‌లో వాహనాలు ఆగవు, తెల్లవారేలోగా రోడ్డు తెరవాలన్న గడువు కదలదు. రాత్రి షిఫ్టు పనిని మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేదిగా 2007లో వర్గీకరించిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ, 2019లో ఆ వర్గీకరణను నిలబెట్టింది. రోడ్డు పనిలో తారులోని జిగట పదార్థమైన బిటుమెన్ నుంచి వెలువడే పొగలను అదే సంస్థ అంతకన్నా ఒక మెట్టు కిందనున్న, క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వర్గంలో చేర్చింది. రాత్రి తారు వేసేవాడు ఈ రెండింటి మధ్యా నిలబడి పనిచేస్తున్నాడు. డబ్బు ఈ ప్రమాదాన్ని తొలగించదు, కానీ ఆ ప్రమాదానికి లెక్కల పుస్తకంలో ఒక అంకె రూపం ఇచ్చేది షిఫ్ట్ పెనాల్టీయే.

ఆ అంకెను మాయం చేసే మార్గాల్లో అన్నిటికన్నా సులువైనది, పగలూ రాత్రీ తేడా లేకుండా గంటకు ఒకే మొత్తం ఇస్తామనే ఒప్పందం. ఊహాజనితమైన అంకెలతోనే చూద్దాం. మూల వేతనం గంటకు 30 డాలర్లు, రాత్రి షిఫ్టుకు 30 శాతం అదనం అనుకుంటే రాత్రి గంట విలువ 39 డాలర్లు. యజమాని అన్ని గంటలకూ 36 డాలర్లు ఇస్తానన్నాడు. 38 గంటల పగటి వారంలో కార్మికుడికి రావలసింది 1,140 డాలర్లయితే చేతికి వచ్చేది 1,368, అంటే 228 ఎక్కువ. రాత్రి వారంలో రావలసింది 1,482, వచ్చేది అదే 1,368, అంటే 114 తక్కువ. రెండు వారాలు కలిపి చూస్తే నేను ఎక్కువే ఇచ్చాను కదా అని యజమాని అంటాడు. వరుసగా రాత్రి పనులే దొరికే కాలంలో ఆ మిగులు ఆవిరైపోయి లోటే మిగులుతుంది. ఇలాంటి సర్దుబాటుపై 2025 సెప్టెంబరులో ఫెడరల్ కోర్టు, కోల్స్, వూల్‌వర్త్స్ సూపర్‌మార్కెట్ల కేసులో, ఒక వేతన కాలంలో ఇచ్చిన ఎక్కువను మరో కాలంలోని తక్కువకు జమ వేసుకోవడం కుదరదని చెప్పింది. ఆ తీర్పు రిటైల్ ఉద్యోగులకు సంబంధించినదే అయినా, పగటి వారాలూ రాత్రి వారాలూ మారుతూ ఉండే తారు పని బృందాలకు దాని అర్థం మరింత సూటిగా తగులుతుంది. అవార్డుల్లోని పెనాల్టీ, ఓవర్‌టైమ్ రేట్లను తగ్గించకుండా కాపాడేందుకు అదే ఏడాది పార్లమెంటు చేసిన చట్టం మంచిదే, కానీ అది అవార్డులకే పరిమితం.

ఇంకో సూక్ష్మమైన విషయం ఉంది. ఒక రాత్రి గంటను షిఫ్టు గంటగా చూపారా, ఓవర్‌టైమ్‌గా చూపారా అన్నదాన్ని బట్టి కార్మికుడి పదవీ విరమణ నిధి మారిపోతుంది. 2025 జూలై 1 నుంచి యజమాని సాధారణ పనిగంటల సంపాదనపై 12 శాతం సూపర్‌యాన్యుయేషన్ చెల్లించాలి. షిఫ్ట్ పెనాల్టీ ఆ సంపాదనలో భాగం, ఓవర్‌టైమ్ కాదు. పై ఉదాహరణలో 39 డాలర్ల షిఫ్టు గంటకు 4.68 డాలర్లు నిధిలో పడతాయి. ఒకటిన్నర రెట్ల ఓవర్‌టైమ్ గంటకు చేతికి 45 డాలర్లు వస్తాయి, నిధికి ఏమీ రాదు. చేతికొచ్చే తేడా 6 డాలర్లు కనిపిస్తుంది కానీ, నిధిని కలిపితే అసలు తేడా 1.32 డాలర్లే. శరీరం అరవై ఏళ్ల వరకు సహకరించని పని ఇది, కనుక ఆ నిధి చిన్న విషయం కాదు. రోజువారీ క్యాజువల్ కార్మికులకు ఇచ్చే 25 శాతం అదనాన్ని రాత్రి పనికి ప్రతిఫలంగా చూపడం కూడా తప్పే, అది వేతనంతో కూడిన సెలవుల వంటి హక్కులు లేనందుకు ఇచ్చేది.

ఎక్కువ చెల్లిస్తే రోడ్ల ఖర్చు పెరుగుతుందనే వాదనను నేను తేలిగ్గా తీసుకోను. పన్ను చెల్లింపుదారుల సొమ్ముతోనే ఆ రోడ్లు వేయాలి. కానీ ఆ ఖర్చు ఇప్పటికే ఉంది, దాన్ని రాత్రంతా మేలుకున్నవారు భరిస్తున్నారు. టెండర్‌లో కాంట్రాక్టర్లందరూ తక్కువ ధరకే పోటీ పడుతున్నప్పుడు, యంత్రం అద్దె తగ్గదు, ముడి సరుకు ధర తగ్గదు, కోత పడేది కూలిలోనే. అందుకే రాత్రి గంటలకయ్యే అదనపు కూలిని టెండర్ పత్రాల్లో విడిగా చూపించి, కనిష్ఠ ధర పోటీ నుంచి దాన్ని మినహాయించాలి. లేన్ మూసివేత వేళలను నిర్ణయించే విభాగమే తన బడ్జెట్ నుంచి ఆ మొత్తాన్ని చెల్లించాలి, పగటి పనికి అనుమతి నిరాకరించిన ప్రతిసారీ ఆ నిర్ణయానికి కూలి రూపంలో ఎంత అయిందో తన రికార్డుల్లో నమోదు చేయాలి.