ఒక్కసారి తోస్తే మూడు సెక్షన్లు దాటే వెబ్‌సైట్

క్లయింటుకి ఫుల్‌పేజీ స్క్రోలింగ్ (ఒక్కసారి జరిపితే తెర నిండా ఉండే ఒక్కో సెక్షన్ చొప్పున కదలడం) కావాలట, అదీ రెడీమేడ్ కోడ్ లైబ్రరీ ఏదీ లేకుండా ఉత్త జావాస్క్రిప్ట్‌తో. మౌస్ చక్రం వరకు బుద్ధిగానే నడుస్తుంది. ట్రాక్‌ప్యాడ్ మీద ఒక్కసారి అలా జరిపామా, వేళ్లు తీసేశాక కూడా వీల్ ఈవెంట్లు (స్క్రోల్ చేస్తున్నారని బ్రౌజర్ పంపే కబుర్లు) వస్తూనే ఉంటాయి, రెండో సెక్షన్‌లో ఆగాల్సింది కాస్తా నాలుగోదాంట్లో తేలుతుంది. పోనీ స్క్రోల్‌కి ఒక సెకను తాళం వేద్దామంటే, నిజంగానే కిందికి పోవాలనుకున్నవాడు ఇరుక్కుపోతాడు. బ్రౌజర్ తన సొంత స్క్రోలింగ్ ఆపేలా ప్రివెంట్‌డిఫాల్ట్ పెడదామా? క్రోమ్ 73 నుంచి విండో మీది వీల్ లిజనర్లు (ఆ ఈవెంట్లను వినే కోడ్) వాటంతటవే పాసివ్, అంటే స్క్రోల్‌ని ఆపలేవు, కాబట్టి పాసివ్ ఫాల్స్ అని విడిగా రాయకపోతే మన మాట వినకపోగా కన్సోల్‌లో తిట్టిపోస్తుంది. ఇక ఫోన్లో సెక్షన్ ఎత్తు 100వీహెచ్ (తెర ఎత్తంతా) ఇస్తే అడ్రస్ బార్ ఉన్నంతసేపూ కింది బటన్ సగం తెర బయటే. సీఎస్ఎస్ స్క్రోల్ స్నాప్‌తో (సెక్షన్ దగ్గర బ్రౌజరే ఆపే సదుపాయం) ఇదంతా రెండు మూడు లైన్ల పని మొర్రో అంటే, "యానిమేషన్ స్పీడు మన చేతిలో ఉండదు కదండీ" అంటారు క్లయింటు!