పసుపు గారికి ఒక విన్నపం

మహాలక్ష్మీ సమానురాలైన పసుపు గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పెళ్లికూతురి అక్క నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా చెల్లి ముఖం తప్ప.

మొటిమలు వదిలిపోయిన గుంటలు పూడటానికి దానికి ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ చేయించాం. బుగ్గలు కంది, వాచి, సన్నటి గోధుమరంగు పక్కులు కట్టాయి. తాకితే గరుకు కాగితంలా ఉంది. ఈ కబురు దుగ్గిరాలలో మా మేనత్తకు చేరింది. అసలే మీ మార్కెట్ యార్డు ఉన్న ఊరు. మిమ్మల్ని కొత్తగా మర పట్టించి, కిలో సంచీలో కట్టి, ఆదివారం వెంటబెట్టుకుని వస్తోందట. పెరుగులో కలిపి రోజూ పట్టు వేస్తుందట. అత్తయ్యకు ఎదురుచెప్పే మొనగాళ్లు ఈ ఇంట్లో లేరు గనుక, నేరుగా మీకే రాస్తున్నాను.

మీ గొప్పతనాన్ని కాదనడం లేదు. 1995లో అమెరికాలో ఒక యూనివర్సిటీ, గాయాలు మాన్పడానికి మిమ్మల్ని వాడటం తమ కొత్త ఆవిష్కరణ అని పేటెంట్ పుచ్చుకుంది. కనిపెట్టామన్న ఇద్దరూ భారత సంతతివాళ్లే, అది వేరే సంగతి. మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పాత సంస్కృత గ్రంథాలనూ, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయిన వ్యాసాన్నీ ముందు పెట్టి పోరాడితే 1997లో ఆ పేటెంట్ రద్దయింది. అత్తయ్యకు ఈ కథ కంఠతా వచ్చు. ‘అమెరికా వాడే ఒప్పుకున్నాడు, మీకేం తెలుసే!’ అంటుంది. వాడు ఒప్పుకున్నది మీరు మాకు పాతచుట్టమని. లేజర్ చేసిన ముఖానికి పట్టు వేయమని అందులో ఎక్కడుందండీ?

ఆ లేజర్ చర్మంలోని నీటిని ఆవిరి చేస్తూ, కంటికి ఆనని రంధ్రాలు పొడుచుకుంటూ పోతుంది. మధ్యమధ్య కాస్త చర్మాన్ని ముట్టుకోకుండా వదులుతుంది. అక్కడి నుంచే కొత్త కణాలు వచ్చి ఆ రంధ్రాల్ని పూడుస్తాయి. ఈలోగా ఆ ముఖమంతా పచ్చిపుండే. దాని మీదికి మీరు పొడి రూపంలో, పులిసిన పెరుగుతో, వీలైతే నాలుగు చుక్కల నిమ్మరసంతో దయచేస్తే మంటకు చెల్లి ఇల్లు పీకి పందిరేస్తుంది. పైగా మీ రంగు అంటుకున్నాక ఎరుపు తగ్గిందో లేదో డాక్టరుకైనా ఎలా తెలుస్తుంది? మీ పేరు చెప్పుకుని బజారులో తిరిగే కల్తీ రంగులైన మెటానిల్ యెల్లో, లెడ్ క్రోమేట్‌ల సంగతి నేనెత్తను. ఇంటి పరువు.

‘పోనీ గాలికి ఆరనివ్వండి, అదే మానుతుంది’ అన్నది అత్తయ్య రెండో మాట. 1962లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద చేసి చూశాడనీ, తడి ఆరకుండా కప్పిన గాయం గాలికి వదిలినదాని కంటే దాదాపు రెండింతలు వేగంగా కొత్త పొర కట్టిందనీ ఫోన్లో చెప్పాను. పందుల పేరు వినగానే ఫోన్ పెట్టేసి మళ్లీ తలస్నానం చేసిందని బావ చెప్పాడు.

గాయం తడి ఆరకూడదనే డాక్టరమ్మ ఇచ్చింది ఉత్త పెట్రోలియం జెల్లీ. రంగు లేదు, వాసన లేదు, ఏ పేరంటానికీ పిలుపు లేదు. చల్లటి నీళ్లతో ముఖం కడుక్కుని, రుద్దకుండా మెత్తటి బట్టతో అద్ది, అది రాసుకోవడమే. ‘ఇంత డబ్బు పోసి ఇదా వైద్యం?’ అని మా నాన్నకు కూడా లోపల బాధగానే ఉంది.

కష్టమంతా దురదతోనే. పక్కు పీకితే మచ్చ పడుతుందని చెల్లి గోళ్లు మొదలంటా కత్తిరించాం. టీవీ చూస్తూ తెలియకుండా చెయ్యి బుగ్గ దాకా పోతుంది, అమ్మ దగ్గుతుంది, చెయ్యి దిగిపోతుంది. నొప్పి రోజురోజుకీ పెరిగినా, చీము పట్టినా, నోటి చుట్టూ నీటిపొక్కులు లేచినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. పై పొర కట్టాక సన్‌స్క్రీన్, ఎస్పీఎఫ్ 30కి తగ్గకుండా, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి. మన చామనఛాయ ఒళ్లు ఇలాంటి గాయం తర్వాత ఇట్టే నల్లబడుతుంది, అందులోనూ గుంటూరు ఎండ. శంకర్ విలాస్ సెంటర్ దాకా వెళ్లాలన్నా గొడుగే.

మీ వెనకే ఇంకొకరు కాచుకుని ఉన్నారు: మందుల షాపులో చీటీ లేకుండా దొరికే, స్టెరాయిడ్ కలిపిన, తెల్లబరిచే క్రీము. పక్కింటి పిన్ని సిఫార్సు. దాన్ని గేటు దగ్గరే ఆపాం. దాంతో పోలిస్తే మీరు దేవత.

కాబట్టి మీకు గడపలున్నాయి, పాదాలున్నాయి, తలంబ్రాలున్నాయి, మంగళసూత్రం తాడుంది. ముఖానికి మాత్రం డాక్టరమ్మ సరేననే వరకూ సెలవు తీసుకోండి. పెళ్లికూతుర్ని చేసే రోజు నలుగు సంగతి కూడా ఆవిడనే అడుగుతాం. ఆదివారం మీరు దిగగానే వంటింట్లోకి తీసుకెళతాను. పులిహోరకు చింతపండు అప్పటికే నానబెట్టి ఉంటుంది.

ఇట్లు,
పెళ్లికూతురి అక్క

తా.క.: మీ సంచీలోనే సున్నిపిండి కూడా వస్తోందని తెలిసింది. ఈ ఉత్తరం దారిలో దానికి చదివి వినిపించగలరు.